నల్లకొండ, తెల్లకోట: సెర్బో-క్రొయేషియన్ ఊళ్ల పేర్ల వెనక

కాలిబాట
తెలుగు వికీపీడియాలో బాల్కన్ ఊళ్ల వ్యాసాలు కొన్ని సరిదిద్దుతున్నాను. జనాభా, వైశాల్యం లాంటి అంకెలకు లోటు లేదు. ఆ ఊరికి ఆ పేరెందుకు వచ్చిందో మాత్రం ఎక్కడా ఒక్క ముక్క ఉండదు. సెర్బియా, క్రొయేషియా, బోస్నియా, మాంటెనెగ్రో నాలుగింటిలోనూ ఒకరి మాట ఒకరికి తెలిసిపోతుంది కాబట్టి అన్నిటికీ ఒకే చర్చ చాలుననిపించింది.

నాకు తెలిసిన రెండింటితో మొదలుపెడతాను. మనం బెల్‌గ్రేడ్ అనేది అక్కడి వాళ్లకు బెయోగ్రాద్. 'బెయో' అంటే తెలుపు, 'గ్రాద్' అంటే ఒకప్పుడు కోట, ఇప్పుడు నగరం. సావా నది డాన్యూబ్‌లో కలిసే చోట గట్టు మీది తెల్లరాతి కోట అది. రోమన్ల కాలంలో దాని పేరు సింగిదూనుమ్. స్లావిక్ పేరు మొదటిసారి కాగితం మీద కనిపించేది 878లో, పోప్ 8వ జాన్ బల్గేరియా పాలకుడు బోరిస్‌కు రాసిన ఉత్తరంలో. ఇక మాంటెనెగ్రో వెనిస్ వాళ్ల నోట పుట్టిన పేరు. సొంత పేరు 'త్స్ర్నా గోరా', నల్ల కొండ. మీకు తెలిసినవి చేర్చండి. అర్థంతో పాటు ఆధారం కూడా చెబితే మేలు.

గుట్టకింద
నల్ల కొండ అంటే మా నల్లగొండే కదండీ! ఇన్నాళ్లూ తెలియక వీసా గురించి ఆలోచించాను. మా పెద్దలు పాతకాలపు పేరు నీలగిరి అనేవారు, అదీ దగ్గరిదే.

ధాతుపాఠం
గుట్టకింద గారూ, అర్థంలో మీ ఊరే, ఒప్పుకుంటాను. రక్తసంబంధం మాత్రం ఇంకో ఊరితో ఉంది. కుప్పం దాటి తమిళనాడులో అడుగుపెడితే వచ్చే కృష్ణగిరితో.

'త్స్ర్నా' పాత స్లావిక్‌లో 'చిర్న్' లాంటి మాట. భాషావేత్తలు దాని వెనక్కి వెళ్లి 'కృస్న' అనే మూలరూపం దగ్గర ఆగుతారు. సంస్కృతంలో నలుపుకు వాడే 'కృష్ణ' కూడా ఆ మూలం నుంచి వచ్చిందే. బాల్టిక్ తీరంలో ఎప్పుడో అంతరించిన పాత ప్రష్యన్ భాషలో నలుపును 'కిర్స్నన్' అనేవారు. 'గోరా', 'గిరి' కూడా ఒకే మూలం పిల్లలు. కాబట్టి 'త్స్ర్నా గోరా'ను ముక్కకు ముక్క పెట్టి చూస్తే 'కృష్ణగిరి' వస్తుంది. మన ద్రావిడ మాటలు 'నల్ల', 'కొండ'లకు ఆ వంశంతో సంబంధం లేదు. చెప్పిన సంగతి ఒకటే, చెప్పిన మాటలు వేరు.

సెర్బియన్‌లో 'గోరా'కు అడవి అనే అర్థం కూడా ఉంది. దట్టమైన అడవితో నల్లగా కనిపించే కొండలు కాబట్టి ఆ పేరు అంటారు. తురుష్కులు 'కరాదాగ్' అన్నారు, అల్బేనియన్లు 'మాలి ఇ జి' అన్నారు. అందరూ అర్థాన్నే అనువదించుకున్నారు. మన పత్రికలు మాత్రం వెనిస్ వర్తకుల పేరే పట్టుకుని ఉన్నాయి.

సప్తసింధు
అద్భుతం! అంటే మనవాళ్లు అక్కడి దాకా వెళ్లారన్నమాట. పటం తెరిచి చూశాను, అడుగడుగునా సంస్కృతమే. ద్రావా నది అంటే 'ద్రవ'. బాన్యా లూకా అంటే 'బాణలోకం'. క్రొయేషియాలో దారువార్ అనే ఊరుంది, అది స్పష్టంగా దారువనం. వుకోవార్‌లో 'వృక' ఉంది. దీని మీద ఒక పుస్తకమే రాయవచ్చు.

గుట్టకింద
రాయవచ్చు. కొనేవాళ్లు కూడా దొరుకుతారు, అదే నా భయం.

ధాతుపాఠం
సప్తసింధు గారూ, ఎవరూ ఎక్కడికీ వెళ్లనక్కరలేదు. మేనత్త పిల్లలకూ మేనమామ పిల్లలకూ ముక్కు ఒకేలా ఉంటే తాతగారి పోలిక అంటాం, ఒకరికొకరు పుట్టారనం. స్లావిక్, సంస్కృత భాషలు అలాంటి బంధువులు. 'నోవి' మన 'నవ', 'వోదా' మన 'ఉదక'లోని 'ఉద'. ఇవన్నీ ఆ పోలికలే.

మీరు ఇచ్చిన నాలుగింటిలో ద్రావా మాత్రం కొంత నిలబడుతుంది. ఆ నది పేరు స్లావులు రాకముందు నుంచే ఉంది, రోమన్లు ద్రావుస్ అని రాశారు. దాన్ని 'ప్రవహించు' అనే అర్థమున్న పాత ధాతువుతోనూ, సంస్కృత 'ద్రవతి'తోనూ ముడిపెట్టిన పండితులున్నారు. మిగిలిన మూడింటికీ పాత కాగితాలు వేరే కథ చెబుతాయి. ఈ పేర్లలో చిక్కు ఏమిటంటే, ఒకే పటం మీద ఇల్లీరియన్ (స్లావులకు ముందు అక్కడున్నవాళ్ల భాష), గ్రీకు, లాటిన్, స్లావిక్, హంగేరియన్, టర్కిష్ పొరలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. పేరు ఏ పొరదో తేలకుండా విరిస్తే చేతికి ఏ ముక్కయినా వస్తుంది.

దారువార్ సంగతే చూడండి. 'వార్' అంటే హంగేరియన్‌లో కోట. 'దారు' అంటే అదే భాషలో కొంగ జాతి పక్షి, క్రౌంచం. 18వ శతాబ్దంలో అక్కడ భవనం కట్టించిన యాంకోవిచ్ ప్రభువులు పెట్టిన పేరు అది. ఊరి చిహ్నం మీద ఇప్పటికీ ఆ పక్షే ఉంటుంది. చెక్క లేదు, వనం లేదు.

సప్తసింధు
మరి వుకోవార్? సెర్బియన్‌లో 'వుక్' అంటే తోడేలే కదా, మన 'వృక'కు బంధువే కదా?

ధాతుపాఠం
మాట వరకు నూటికి నూరు పాళ్లు నిజం. 'వుక్', 'వృక' ఒకే మూలం నుంచి వచ్చినవే. అయితే ఊరి పేరు తోడేలుది కాదు, వుకా అనే చిన్న నదిది. ఆ నదిని రోమన్ల కాలంలో ఉల్కా అనేవారు. స్లావులు వచ్చి, ఆ పాత పేరును తమ చెవికి తెలిసిన మాటలా మలుచుకున్నారు. దాని వెనక హంగేరియన్ 'వార్' చేరింది. వుకోవార్ అంటే వుకా ఒడ్డున ఉన్న కోట.

సావా ఒడ్డున
జాగ్రెబ్‌లో ఉద్యోగం చేస్తున్నాను, అందుకని నా వంతు. ఇక్కడి వాళ్లకు కూడా తమ పేర్లను తామే విరుచుకునే సరదా ఉంది. ఊరి నడిబొడ్డున ఉన్న పెద్ద చౌకులో మాందుషెవత్స్ అనే ఫౌంటెన్ ఉంటుంది. దప్పికతో వచ్చిన ఒక సేనాని అక్కడున్న మాందా అనే అమ్మాయిని 'నీళ్లు ముంచి ఇవ్వు' అని అడిగాడట. ముంచు అనడానికి 'జాగ్రాబి' అంటారు, అదే ఊరి పేరయిందని బడిపిల్లలకు చెబుతారు. పర్యాటకులకూ ఇదే కథ చెబుతారు. అది విని వాళ్లు ఫౌంటెన్‌లో నాణెం వేసి వెళ్తారు.

పండితుల మాట ఇంత అందంగా ఉండదు. 'జా' అంటే వెనక, అవతల. మిగతా సగం తవ్విన గట్టునో కందకాన్నో సూచిస్తుందని కొందరు, 'బ్రెగ్' అంటే గుట్ట కాబట్టి గుట్టకు అవతలిదని ఇంకొందరు. 1094లో ఇక్కడ బిషప్ పీఠం ఏర్పడిన నాటి నుంచి పేరు తెలుసు. జాగ్రెబ్‌కు ఉత్తరాన ఉన్న ప్రాంతం జాగోర్యే, అందులో మాత్రం తగాదా లేదు: కొండ అవతలి సీమ.

బాన్యా లూకా గురించి ఒక మాట. మా కార్యాలయంలో ఒకతను బోస్నియా నుంచి వచ్చాడు. ఈ పేరు వింటే కొత్తవాళ్లు 'స్నానాల రేవు' అనుకుంటారని నవ్వుతాడు. 'బాన్యా' అంటే వేడినీటి బుగ్గ, 'లూకా' అంటే నేటి మాటలో ఓడరేవు. ఊరేమో సముద్రానికి ఎక్కడో దూరంగా ఉంది. అసలు సంగతి, 'బాన్' అంటే ఆ సీమను ఏలే అధికారి బిరుదు. 'బాన్యా' అంటే బాన్‌కు చెందినది. 'లూకా' పాత అర్థం ఏటి పక్క పచ్చిక నేల. వ్ర్‌బాస్ నది ఒడ్డున బాన్‌గారి పచ్చిక. 1494 నాటి పత్రంలో ఈ పేరు మొదటిసారి కనిపిస్తుంది. బాణమూ లేదు, లోకమూ లేదు, స్నానమూ లేదు.

కాలిబాట
ఇది బాగుంది. అక్కడి వాళ్లను కూడా మోసం చేసే పేర్లు ఇంకేమైనా ఉన్నాయా?

సావా ఒడ్డున
నాకు బాగా ఇష్టమైనది సుతోమోరె. మాంటెనెగ్రో తీరంలో, బార్ అనే పట్టణం పక్కన, ఇసుక ఒడ్డు ఉన్న ఊరు. 'మోరె' అంటే సముద్రం. సముద్రం ఎదురుగానే ఉంది, ఇక అనుమానం ఎవరికి వస్తుంది? అయినా ఆ పేరులో సముద్రం లేదు. అది లాటిన్ 'సాంక్తా మరియా', పునీత మేరీ. ఈ తీరమంతా ఒకప్పుడు లాటిన్ మాండలికం మాట్లాడిన చర్చి పట్టణాలు. 'సాంక్తుస్' అనే మాట స్లావుల నోట 'సుత్', 'సు', 'స్తో' అయింది. బ్రాచ్ దీవిలో సుపెతార్ అంటే పునీత పీటర్, పక్కనే సుతివాన్ అంటే పునీత యోహాను. స్ప్లిట్ పక్కన స్తోబ్రెచ్ అంటే పునీత లారెన్స్. హ్వార్ దీవి చివర సుచురాయ్ అంటే పునీత జార్జి. ఒక్కసారి ఈ కిటుకు తెలిస్తే పడవ వేళల పట్టిక చదవడం కూడా సరదాగా ఉంటుంది.

అన్నీ అలా విప్పకండి మళ్లీ. బోస్నియాలోని సుత్యెస్కా నదిలో పునీతులెవరూ లేరు. ఆ మాటకు ఇరుకు లోయ అని అర్థం.

పాతబస్తీ
టర్కిష్ పొర గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి హైదరాబాద్ తరఫున నేను. సరాయెవోలో ఉన్నది మన 'సరాయి'. నాంపల్లి స్టేషన్ దగ్గరి సరాయిలో బాటసారులు దిగేవారు. అదే పర్షియన్ మాట తురుష్కుల దగ్గర రాజభవనం. 15వ శతాబ్దంలో ఒట్టోమన్ అధికారి ఈసా బేగ్ అక్కడ భవనం కట్టించి ఊరికి పునాది వేశాడు. చుట్టూ ఉన్న మైదానాన్ని 'సరాయ్ ఒవాసి' అన్నారు, సరాయి మైదానం అని. స్లావుల నోట దాని చివర 'ఎవో' అనే సొంత ప్రత్యయంగా మారిపోయింది. 1507 నాటి ఒక ఉత్తరంలో సరాయెవో రూపం కనిపిస్తుంది.

ఆ ఊరి పాత బజారు పేరు బాష్‌చార్షియా. 'బాష్' అంటే తల, ప్రధానం. 'చార్షి' అంటే అంగడి వీధి, అది పర్షియన్ 'చార్‌సూ' నుంచి వచ్చింది, నాలుగు దిక్కులు అని. మా చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌కు పాత పేరు చార్‌సూ కా హౌజ్! నాలుగు కమాన్ల మధ్య ఉన్న నీటి తొట్టి. ఆ పేరు వాడుకలో అరిగిపోయి గుల్జార్ అయింది. బోస్నియాలో బజారుకు మిగిలింది, మా దగ్గర తొట్టికి కూడా మిగలలేదు.

ఈసా బేగ్ పేరు ఎత్తాను కాబట్టి: సెర్బియాలో నోవీ పాజార్ కూడా ఆయన స్థాపించినదే. కొత్త బజారు. దీనికి నిఘంటువు అవసరం లేదు.

ధాతుపాఠం
పాతబస్తీ గారి మాటకు ఒక చేర్పు. ఒట్టోమన్లు అన్ని చోట్లా కొత్త పేర్లు పెట్టలేదు, కొన్నింటిని అనువదించారు. బోస్నియాలో తుజ్లా చూడండి. అక్కడ భూమి కింద ఉప్పు. 10వ శతాబ్దంలో బైజాంటైన్ చక్రవర్తి 7వ కాన్‌స్టంటైన్ రాసిన గ్రంథంలో 'సాలినెస్' అనే పేరు ఉంది, ఉప్పు కొటారు. మధ్యయుగపు స్లావులు 'సోలి' అన్నారు, ఉప్పులు అని. తురుష్కులు వచ్చి 'తుజ్' అంటే ఉప్పు కాబట్టి తుజ్లా అన్నారు. మూడు భాషలు మారాయి, అర్థం చెక్కు చెదరలేదు. ఉప్పునీరు తోడేయడం వల్ల ఊరి నడిమధ్య నేల కుంగి, పాత ఇళ్లు బీటలిచ్చి కూలిపోయాయి. 2003లో ఊరి మధ్యలోనే ఉప్పునీటి చెరువు తెరిచి ఈతకు విడిచిపెట్టారు.

సెర్బియాలో చుప్రియా ఊరు ఇంకో తీరు. టర్కిష్ 'కొప్రు' అంటే వంతెన, ఆ మాట సెర్బియన్‌లోకి దిగుమతి అయి ఊరి పేరూ అయింది. రోమన్లు దాన్ని హొర్రేఉమ్ మార్గి అనేవారు, మొరావా నది మీది ధాన్యపు గాదె. కుర్షుమ్లియా అంటే సీసం ఉన్న చోటు. గనులు కావు, అక్కడి చర్చిలకు సీసపు రేకు కప్పు ఉండేది. సీసపు గనుల పేరున్న ఊరు వేరే ఉంది, బోస్నియాలో ఓలోవో. అక్కడి మాటలో సీసానికి అదే పేరు. స్రెబ్రెనిత్సా వెండి ఊరు. ఆ పేరు వినగానే 1995 నాటి ఊచకోతే గుర్తొస్తుంది, ఎవరికీ గనులు గుర్తురావు.

నిర్వాహకులు
ఇక్కడి వరకు చర్చ చాలా బాగుంది. యుద్ధాల మంచిచెడ్డలకు వేరే శీర్షిక ఉంది. ఇక్కడ పేర్ల వరకే ఉంచండి.

గుట్టకింద
నిర్వాహకుల మాట మన్నిస్తాను కానీ, పేర్లలోంచి రాజకీయం తీసేస్తే సగం పటం ఖాళీ అవుతుంది.

మాంటెనెగ్రో రాజధాని పోద్గోరిత్సానే చూడండి. 'పోద్' కింద, 'గోరిత్సా' చిన్న గుట్ట. అచ్చంగా నా సభ్యనామం, అందుకే దాని చరిత్ర వెతికాను. పాతకాలంలో రిబ్నిత్సా, 1326 నాటికి పోద్గోరిత్సా. 1946లో తితోగ్రాద్, అంటే యుగోస్లావియా నేత టిటో పేరిట టిటో నగరం. 1992లో మళ్లీ గుట్ట కిందికి దిగింది. టిటో చనిపోయాక యుగోస్లావియాలో ప్రతి రిపబ్లిక్‌కూ, ప్రతి స్వతంత్ర మండలానికీ ఒక టిటో ఊరు ఉండేలా పంచారు, మొత్తం ఎనిమిది. ఇప్పుడు ఒక్కటీ లేదు. సెర్బియాలోని జ్రెన్యానిన్ కథ ఇంకా వింత. అసలు పేరు బెచ్‌కెరెక్. 1935లో రాజు పేరిట పెత్రోవ్‌గ్రాద్, 1946లో రాజు పోయి, రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన పార్టిజాన్ (గెరిల్లా) నాయకుడి పేరిట జ్రెన్యానిన్. అది మాత్రం నిలిచిపోయింది.

బోస్నియా యుద్ధకాలంలో సెర్బుల అధీనంలో ఉన్న ఊళ్లకు పేరు ముందు 'స్ర్ప్‌స్కి', అంటే సెర్బుల, అని తగిలించారు, ఫోచా అనే ఊరిని ఏకంగా స్ర్బిన్యే చేశారు. 2004లో బోస్నియా రాజ్యాంగ న్యాయస్థానం అవి చెల్లవని తీర్పు చెప్పింది. ఒక విశేషణం ఉండాలా వద్దా అని అత్యున్నత న్యాయస్థానం కూర్చుని తేల్చిందంటే పేర్లకు ఎంత బరువుందో చూడండి.

కాలిబాట
ఇంతవరకు వచ్చాం కాబట్టి నోవీ సాద్ ఇక్కడే చెబుతాను, అది సామరస్యం వైపు ఉదాహరణ. 1748లో మరియా తెరెసా రాణి ఆ ఊరికి స్వతంత్ర నగర హోదా ఇస్తూ లాటిన్‌లో 'నియోప్లాంతా' అని పేరు పెట్టింది. ఎవరి భాషలో వాళ్లు దాన్ని పిలుచుకోవచ్చని శాసనంలోనే ఉంది. సెర్బులకు నోవీ సాద్, కొత్త తోట. జర్మన్లకు నోయ్‌జాట్స్, కొత్త నాటు. హంగేరియన్లు మాత్రం ఊయ్‌విదేక్ అన్నారు, కొత్త సీమ అని. వాళ్లు తోటను వదిలేశారు.

సప్తసింధు
స్ప్లిట్? పర్యాటక పుస్తకంలో 'ప్యాలెస్' అనే మాట నుంచి వచ్చిందని చదివాను. రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ రాజభవనం ఊరి మధ్యలోనే ఉంది కదా.

ధాతుపాఠం
ఈ పొరపాటుకు మంచి వంశమే ఉంది. పైన చెప్పిన 7వ కాన్‌స్టంటైన్ చక్రవర్తే ఆ పేరుకు 'చిన్న రాజభవనం' అని అర్థం రాసుకున్నాడు. ఆ గ్రంథంలోనే సెర్బులంటే లాటిన్ 'సెర్వి', బానిసలు అని కూడా రాశాడు, కాబట్టి ఆయన వ్యుత్పత్తులను చూసి తీసుకోవాలి. స్ప్లిట్ అసలు గ్రీకు పేరు అస్పాలథోస్. ఆ తీరంలో పసుపు పూలు పూసే ఒక ముళ్లపొద పేరు అది. లాటిన్‌లో స్పాలాతుమ్ అయ్యేసరికి 'పలాతియుమ్'లా వినిపించింది, ఎదురుగా భవనం కూడా ఉంది, ఇంకేం కావాలి?

అయితే దుబ్రోవ్నిక్ దగ్గర చక్రవర్తికి మార్కులు ఇవ్వాలి. దాని పాత పేరు రాగూసా. 'లావు' అంటే స్థానిక మాటలో కొండ అంచు, దాని నుంచి లావుసా, తర్వాత రాగూసా అయిందని రాశాడు. ఈనాటికీ దాన్ని కొట్టిపారేయలేదు. దుబ్రోవ్నిక్ స్లావుల పేరు, 'దుబ్రావా' అంటే ఓక్ చెట్ల తోపు. 1189లో బోస్నియా పాలకుడు కులిన్ బాన్ ఇచ్చిన వర్తక పత్రంలో ఆ ఊరివాళ్లను 'దుబ్రోవ్చానె' అని సంబోధించాడు. అంటే రెండు పేర్లూ ఏడు వందల ఏళ్లకు పైగా పక్కపక్కనే నడిచాయి. 1918 తర్వాత గానీ అధికారికంగా ఒక్కటే మిగలలేదు.

పాతబస్తీ
మోస్తార్ అంటే 'మోస్త్ స్తారి', పాత వంతెన అని విన్నాను. నిజమేనా?

సావా ఒడ్డున
వినడానికి బాగుంటుంది కానీ తేదీలు కుదరవు. ఆ రాతి వంతెన 1566లో పూర్తయింది. మోస్తార్ అనే పేరు 1474లోనే ఉంది. అంతకు ముందు అక్కడ గొలుసుల మీద వేలాడే చెక్క వంతెన ఉండేది, దాన్ని కాపలా కాసేవాళ్లు 'మోస్తారి'. పేరు కాపలావాళ్లది. 1993లో వంతెన కూలింది, 2004లో మళ్లీ కట్టారు.

కాలిబాట
ఇక తెలుగులో రాయడం సంగతి. 'త్స' అని రాయడం నాకు కంటికి ఇబ్బందిగా ఉంది.

ధాతుపాఠం
మనకు 'ౘ' ఉంది, పాత నిఘంటువుల్లో చూడవచ్చు. చలి, చుక్క అంటున్నప్పుడు మన నోట పలికేది అదే. పోద్గోరిౘా అని రాస్తే ఉచ్చారణ చక్కగా సరిపోతుంది. చెత్తా చీమా అన్నప్పుడు మనకు ఆ శబ్దం రాదు కాబట్టి 'త్సెతిన్యె' లాంటి ఊరి పేరు దగ్గర నాలుక తడబడుతుంది. ఇక క్ర్క్ దీవికి అచ్చు లేనే లేదు, 'ర'కారమే అచ్చు పని చేస్తుంది. సంస్కృతంలో 'ఋ' ఉద్దేశం అదే. అయినా 'కృక్' అని రాస్తే తెలుగువాళ్లు 'క్రుక్' అని చదువుతారు కాబట్టి క్ర్క్ అనే ఉంచండి.

కాలిబాట
సరే, శీర్షికల్లో 'త్స', మొదటి వాక్యంలో 'ౘ' రూపం ఇస్తాను. బాన్యా లూకా, తుజ్లా, సుతోమోరె ఈ వారంలో మారుస్తాను. తర్వాత దక్షిణ సెర్బియాలోని నిష్.

సప్తసింధు
నిష్ అంటే నిశ. రాత్రి.

ధాతుపాఠం
రోమన్ల కాలంలో నైస్సుస్. కాన్‌స్టంటైన్ చక్రవర్తి పుట్టిన ఊరు. మీ ఆధారం పంపండి, చదువుతాను.

గుట్టకింద
ఇతను ఇంకో కాన్‌స్టంటైన్ అనుకుంటాను. వ్యుత్పత్తులు రాసినాయన కాదు కదా?

ధాతుపాఠం
కాదు. ఇతను ఊరికి తన పేరే పెట్టుకున్న కాన్‌స్టంటైన్. ఆ ఊరే నేటి ఇస్తాంబుల్, దానికి వేరే చర్చ తెరవండి.